మాక్రోకూ మైక్రోస్కోపుకూ ఏ కెమెరా?

తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధించడం నా వృత్తి. పుప్పొడి రేణువులనూ, ఆకుల అడుగున దాక్కునే పురుగులనూ ఫొటోలు తీయడం ఆ వృత్తి పక్కనే పెరిగిన వ్యసనం. ఆ ఫొటోలు చూసినవాళ్లు ముందుగా అడిగేది ఏ పురుగు అని కాదు, ఏ కెమెరా అని. ఈ మధ్య బంగారుపాళెం వైపు మామిడి తోటల్లో పురుగుల నమోదు పని చేస్తున్న మా పాత విద్యార్థి ఒకడు ఫోను చేసి, "సార్, 61 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ తీసుకుంటే తామర పురుగు రెక్కల అంచున ఉండే వెంట్రుకలు కూడా కనిపిస్తాయి కదా?" అని అడిగాడు. "కెమెరా సంగతి తర్వాత చూద్దాం నాయనా, ముందు నీ పురుగు పొడవెంతో చెప్పు" అన్నాను. జవాబు దాటవేస్తున్నానని అతను అనుకుని ఉండవచ్చు గానీ, ఈ విషయంలో లెక్క నిజంగానే అక్కడి నుంచే మొదలవుతుంది.

తామర పురుగు పొడవు సుమారు 1 మి.మీ. మామూలు మాక్రో లెన్సు ఇవ్వగలిగిన గరిష్ఠ పరిమాణం 1:1, అంటే 1 మి.మీ. పురుగు సెన్సర్ మీద కూడా 1 మి.మీ. బొమ్మగానే పడుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (మధ్య రకం కొలత సెన్సర్ ఉన్న) కెమెరాలో 23.5 మి.మీ. వెడల్పున 6000 పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి ఆ పురుగుకు దక్కేవి 255 పిక్సెళ్లు. సోనీ వారి 61 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము ఫ్రేమంత పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో 35.7 మి.మీ. వెడల్పున 9504 పిక్సెళ్లు ఉంటాయి. భాగించి చూస్తే మిల్లీమీటరుకు వచ్చేవి 266. రెండింటి ధరల మధ్య ఎన్నో రెట్ల తేడా ఉండగా, పురుగుకు అదనంగా దక్కినవి పదకొండు పిక్సెళ్లు. మిగిలిన కోట్ల పిక్సెళ్లు పురుగు చుట్టూ ఉన్న ఆకుపచ్చదనాన్ని నమోదు చేయడానికే ఖర్చవుతాయి. అదే పురుగును మైక్రోస్కోపు 4x ఆబ్జెక్టివ్ (నమూనాకు దగ్గరగా ఉండి నాలుగు రెట్లు పెంచే లెన్సు) కింద పెట్టి పాత ఏపీఎస్-సీ కెమెరాతోనే తీస్తే వెయ్యికి పైగా పిక్సెళ్లు దాని మీద పడతాయి. వివరాన్ని పెంచేది లెన్సు. ఆ లెన్సు ఇచ్చిన వివరాన్ని పోగొట్టకుండా పట్టుకోవడం వరకే కెమెరా బాధ్యత. అందువల్ల తీయదలచుకున్న వస్తువు పరిమాణం తేలాక లెన్సునో ఆబ్జెక్టివ్‌నో, అది తేలాక సెన్సర్ కొలతను, ఆ తర్వాత షట్టర్ రకాన్ని చూసుకోవాలి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసే మెగాపిక్సెళ్ల సంఖ్యను చివర చూసినా నష్టం లేదు.

మా జిల్లాల్లో మాక్రోకు దొరికే వస్తువులను పరిమాణం ప్రకారం పేర్చి చూస్తే ఈ క్రమం ఇంకా స్పష్టమవుతుంది. సీతాకోకచిలుకలు, తూనీగలు, గోలీకాయంత సాలీళ్లు అన్నీ సాధారణ మాక్రో లెన్సు పరిధిలోకి వస్తాయి. మామిడి పూత మీద చేరే తేనెమంచు పురుగు 4, 5 మి.మీ. ఉంటుంది కాబట్టి 1:1లో ఏపీఎస్-సీ ఫ్రేము వెడల్పులో అయిదో వంతు ఆక్రమిస్తుంది. గుర్తుపట్టడానికి అది సరిపోతుంది గానీ, వెనక కాలి మీద దువ్వెన పళ్లలా బారుగా నిలిచిన ముళ్లను చూపాలంటే 3x, 4x దాకా వెళ్లక తప్పదు. మందార పుష్పం పుప్పొడి రేణువు 0.1 మి.మీ.కు పైగా ఉంటుంది. పుప్పొడుల్లో అది పెద్దదే అయినా 10x ఆబ్జెక్టివ్ లేనిదే దాని ఒంటి మీది ముళ్లు విడివిడిగా కనిపించవు. గడ్డి చామంతి పుప్పొడికి 40x కావాలి. ఎవరైనా ఈ మూడు మెట్లలో (1:1 వరకు, 3x–4x, 10x ఆపైన) తాము ఏ మెట్టు మీద ఎక్కువ కాలం గడపబోతున్నారో ముందుగా తేల్చుకోగలిగితే, కొనుగోలులో సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

మొదటి మెట్టు, అంటే 1:1 వరకు ఉండే మాక్రో, కెమెరా విషయంలో అంత పట్టింపు ఉన్నది కాదు. ఇటీవలి పదేళ్లలో వచ్చిన ఏ బ్రాండు ఏపీఎస్-సీ కెమెరా అయినా పనికొస్తుంది. లెన్సు మాత్రం పొడవైనది తీసుకోవడం మంచిది. 60 మి.మీ. మాక్రో లెన్సుతో 1:1కు వెళ్లేసరికి లెన్సు అంచుకూ పురుగుకూ మధ్య 10 సెం.మీ. లోపే మిగులుతుంది, 100 మి.మీ. లెన్సుతో 13 నుంచి 15 సెం.మీ. దొరుకుతుంది. ఆ నాలుగైదు సెంటీమీటర్లలోనే పురుగు ఎగిరిపోవడమా, ఉండిపోవడమా అన్నది తేలుతుంది, ఫ్లాషు వెలుగు పడడానికి చోటు కూడా అక్కడే దొరుకుతుంది. కొత్త లెన్సు కొనలేనివాళ్లు ఇంట్లో ఉన్న 50 మి.మీ. లెన్సు వెనక 50 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబులు తగిలించినా 1:1 వస్తుంది, ఎందుకంటే లెన్సును అనంతానికి ఫోకస్ చేసి ఉంచినప్పుడు ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్తుతో భాగిస్తే వచ్చేదే పరిమాణం. వెలుగుకు మామూలు ఫ్లాషు, దాని ముందు బటర్ పేపరు చాలు. ఫ్లాషు శక్తిని బాగా తగ్గించి వాడితే దాని మెరుపు సెకనులో పది వేల వంతుకు దరిదాపుల్లోకి వస్తుంది కాబట్టి చెయ్యి వణికినా, కొమ్మ ఊగినా బొమ్మ చెదరదు.

అడవిలోకి వెళ్లాలనుకునేవారికి ఇక్కడే ఒక మాట. శేషాచలం కొండలు 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించబడ్డాయి. దారులు వదిలి లోపలికి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి కావాలి, అక్కడి నుంచి ఆకైనా పురుగైనా ఇంటికి తెచ్చుకోకూడదు. తలకోన వైపు సందర్శకులకు తెరిచిన బాటల్లో లెన్సు పట్టుకుని నడవడం వేరు, మైక్రోస్కోపు కోసం నమూనాలు సేకరించడం వేరు. నా ఫొటోల్లో ఎక్కువ భాగం ఇంటి మందార చెట్టు మీది పిండినల్లి, పెరట్లోని చీమలు, వంకాయ ఆకుల మీది ఎర్రనల్లి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైగా అవి ఏడాది పొడవునా దొరుకుతాయి.

పరిమాణం పెరిగేకొద్దీ అపెర్చరు (లెన్సులో కాంతి దూరే రంధ్రం; ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) విషయంలో కొత్తవాళ్లను కంగారుపెట్టే ఒక చిక్కు వస్తుంది. చాలా కెమెరాల తెర మీద ఎఫ్/8 అని చూపిస్తున్నా, 1:1 దగ్గర అసలు పనిచేసే అపెర్చరు ఎఫ్/16. సూత్రం ప్రకారం, చూపిన సంఖ్యను పరిమాణానికి ఒకటి కలిపి గుణించాలి. ఎఫ్/16 దగ్గర కాంతి వివర్తనం (సన్నని రంధ్రం గుండా పోయే కాంతి పక్కలకు పరుచుకోవడం) వల్ల ఒక చుక్క సెన్సర్ మీద సుమారు 21 మైక్రాన్ల (మైక్రాను అంటే మి.మీ.లో వెయ్యో వంతు) మచ్చగా పరుచుకుంటుంది. ఏపీఎస్-సీ పిక్సెల్ 3.9 మైక్రాన్లే కాబట్టి ఒక్కో చుక్క అయిదు పిక్సెళ్లకు పైగా కప్పేస్తుంది. పురుగు మొత్తం స్పష్టంగా రావాలన్న ఆశతో అపెర్చరును ఎఫ్/22కు బిగిస్తే అసలు అపెర్చరు ఎఫ్/44 అవుతుంది, అప్పుడు లోతు పెరిగినా బొమ్మ మొత్తం మసకబారుతుంది. ఈ చిక్కుకు విరుగుడు అపెర్చరులో లేదు. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ చాలా ఫొటోలు తీసి వాటిని కంప్యూటరులో కలపడం, అంటే స్టాకింగ్, ఒక్కటే మార్గం. దీనికి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

ఈ స్టాకింగ్ కోసమే చాలామంది "ఫోకస్ బ్రాకెటింగ్" ఉన్న, అంటే ఫోకస్‌ను తానే జరుపుకుంటూ వరుసగా ఫొటోలు తీసే, కెమెరా వెదుకుతారు. కానన్‌లో ఆర్‌పీ నుంచి, నికాన్‌లో డీ850 నుంచి ఈ సదుపాయం వచ్చింది, ఒలింపస్ వారు వీరికంటే ముందే ఇచ్చారు. ఆటోఫోకస్ మాక్రో లెన్సుతో, 1:1 వరకు, కదలని వస్తువుల మీద పనిచేసేవారికి ఇది నిజంగా ఉపయోగపడుతుంది. అయితే కెమెరా జరపగలిగేది లెన్సు లోపలి మోటారును మాత్రమే. రివర్సు చేసిన (ముందు వెనకలు తిరగేసి తగిలించిన) లెన్సుకు గానీ మైక్రోస్కోపు ఆబ్జెక్టివ్‌కు గానీ మోటారు ఉండదు కాబట్టి, రెండో మెట్టు ఎక్కగానే ఈ సదుపాయానికి పెట్టిన డబ్బు వృథా. మైక్రోస్కోపు మీద ఆ పనిని ఫైన్ ఫోకస్ నాబ్ చేస్తుంది. సాధారణంగా దాని మీద ఒక్కో గీతకు 2 మైక్రాన్ల చొప్పున స్టేజి కదులుతుంది. 4x/0.10 ఆబ్జెక్టివ్‌కు (గీత తర్వాతి సంఖ్య అది ఎంత వెడల్పు కాంతి పుంజాన్ని పట్టుకోగలదో చెబుతుంది) స్పష్టత లోతు సుమారు 55 మైక్రాన్లు కాబట్టి ఇరవై గీతలకొకసారి, అంటే 40 మైక్రాన్లకొకసారి ఫొటో తీస్తే సరిపోతుంది, 1 మి.మీ. లోతున్న పురుగు తలకు పాతిక ఫొటోలు వస్తాయి. 10x/0.25కు ఆ లోతు 9 మైక్రాన్లకు పడిపోతుంది, 40x/0.65కు ఒకటిన్నర మైక్రాను కూడా ఉండదు. చేత్తో తిప్పడం విసుగు పుట్టించే పనే, కాదనను. అయినా కెమెరాలోని ఏ మెనూ ఈ విసుగు తీర్చలేదు.

ఇక మైక్రోస్కోపు దగ్గరికి వస్తే, సెన్సర్ కొలత మొదటిసారిగా నిర్ణాయకం అవుతుంది. ఫుల్‌ఫ్రేమ్ ఎప్పుడూ మేలనే ప్రచారం నమ్మినవారికి ఇక్కడ నిరాశ తప్పదు. మైక్రోస్కోపు ఇచ్చే బొమ్మ చతురస్రం కాదు, వృత్తం. దాని వ్యాసం ఎంతో ఐపీసు (కన్ను పెట్టి చూసే పై లెన్సు) మీదే రాసి ఉంటుంది: "10x/18" అని ఉంటే 18 మి.మీ., "10x/20" అని ఉంటే 20 మి.మీ. అంబాలా నుంచి మన కళాశాలలకు వచ్చే మైక్రోస్కోపుల్లో చాలా వాటికి 18 మి.మీ. ఉంటుంది. ఇప్పుడు సెన్సర్ల కర్ణాలు చూడండి: ఏపీఎస్-సీ కంటే చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 21.6 మి.మీ., ఏపీఎస్-సీకి 28 మి.మీ., ఫుల్‌ఫ్రేమ్‌కు 43.3 మి.మీ. ఐపీసు తీసేసి ఆ 18 మి.మీ. వృత్తాన్ని నేరుగా ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద పడనిస్తే, నల్లటి పలక మధ్యలో చిన్న గుండ్రని బొమ్మ మిగులుతుంది. దాన్ని ఫ్రేము నిండా పరచాలంటే మధ్యలో 2.4 రెట్లు పెంచే ప్రొజెక్షన్ లెన్సు ఒకటి కావాలి. నికాన్, ఒలింపస్ వారు పాత రోజుల్లో చేసిన 2.5x ఫొటో ఐపీసులు ఈ పని చేసేవే గానీ, ఇప్పుడు అవి సెకండ్ హ్యాండులో దొరికినా కెమెరా బాడీ కంటే ఎక్కువ ధర పలకవచ్చు. ఏపీఎస్-సీకి 1.6 రెట్లు చాలు, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 1.2 రెట్లు. మైక్రోస్కోపే ప్రధానం అనుకునేవారికి చిన్న సెన్సరే సులువని నేను చెప్పడానికి కారణం ఈ లెక్కే.

ఐపీసును తీయకుండానే పని జరిపించే మార్గం ఇంకొకటి ఉంది, నా వరకు నాకు అదే ఇష్టం. 10x ఐపీసు ఫోకల్ లెంగ్తు 25 మి.మీ. దాని వెనక మామూలు లెన్సుతో ఉన్న కెమెరాను అనంతానికి ఫోకస్ చేసి నిలబెడితే, సెన్సర్ మీద పడే పెంపు కెమెరా లెన్సు ఫోకల్ లెంగ్తును 25తో భాగించినంత. 40 మి.మీ. లెన్సుకు అది 1.6 రెట్లు, 18 మి.మీ. వృత్తం 28.8 మి.మీ.గా పరుచుకుని ఏపీఎస్-సీ ఫ్రేమును మూల నుంచి మూల దాకా నింపుతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 30 మి.మీ., ఫుల్‌ఫ్రేమ్ అయితే 60 మి.మీ. లెన్సుతో ఇదే ఫలితం వస్తుంది. కానన్ వారి పల్చటి 40 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు ఈ పనికి చక్కగా అమరుతుంది, దాని ముందు గాజు ఐపీసుకు దగ్గరగా వెళ్లగలుగుతుంది కాబట్టి. ఐపీసు మాత్రం కళ్లద్దాల గుర్తు ఉన్నదై ఉండాలి. మామూలు ఐపీసుల నుంచి వచ్చే కాంతి పుంజం గాజుకు మరీ దగ్గరగా ముడుచుకుంటుంది కనుక కెమెరా లెన్సు దాన్ని పూర్తిగా అందుకోలేక అంచులు చీకటిపడతాయి. ఐపీసును ఉంచడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. పాత 160 మి.మీ. ట్యూబు మైక్రోస్కోపుల్లో చాలా కంపెనీలు ఆబ్జెక్టివ్ మిగిల్చే రంగుల దోషాన్ని ఐపీసులో సరిదిద్దేవి. ఐపీసు తీసేస్తే ఆ సవరణ పోయి, ఉల్లిపొర కణాల గోడలకు బొమ్మ అంచుల్లో ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నీలం చారలు కనిపిస్తాయి.

సెన్సర్ కొలత తేలాక మెగాపిక్సెళ్ల సంగతి నిమిషంలో తేలిపోతుంది. 40x/0.65 ఆబ్జెక్టివ్ విడదీయగలిగిన అతి చిన్న దూరం సుమారు 0.52 మైక్రాను. దాన్ని 40 రెట్లు, ఆపై 1.6 రెట్లు పెంచితే సెన్సర్ మీద 33 మైక్రాన్లు అవుతుంది. అంత చోటులో మూడు పిక్సెళ్లు ఉంటే వివరమేదీ పోదు. 24 మెగాపిక్సెళ్ల సెన్సర్‌లో ఎనిమిది ఉంటాయి. నిజానికి 3 మెగాపిక్సెళ్లతోనే ఆ ఆబ్జెక్టివ్ ఇచ్చిందంతా వచ్చేస్తుంది. ఫ్రేము మొత్తం మీద వివరం ఎక్కువగా ఇచ్చే 4x, 10x ఆబ్జెక్టివ్‌లకు కూడా 7 మెగాపిక్సెళ్లు చాలు. మైక్రోస్కోపు ద్వారా ఎంత సన్నని వివరం కనిపించగలదన్న హద్దును ఎర్నెస్ట్ అబ్బే 1873లోనే తేల్చిపెట్టాడు, కెమెరా కంపెనీల కొత్త మోడళ్లతో ఆ హద్దు కదలదు.

సెన్సర్ తర్వాత చూడవలసింది షట్టర్, దీని మీద నేను కాస్త పట్టుదలగా ఉంటాను. దుకాణంలో ఎవరూ దీని గురించి చెప్పరు. పెళ్లి ఫొటోలకు ఇది అసలు సమస్యే కాదు గానీ, 40x ఆబ్జెక్టివ్ కింద సమస్యలన్నింటిలోకీ పెద్దది ఇదే. లెన్సు వెనక అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్‌లో ముందు ఆ అద్దం లేస్తుంది, ఆపై షట్టర్ మొదటి తెర తెరుచుకుంటుంది. రెండూ కలిసి కెమెరాను, దానితో పాటు మైక్రోస్కోపును కదిలిస్తాయి. మన కంటికి ఆ కదలిక తెలియదు, చేతికీ తగలదు. స్టేజి మైక్రోమీటరు (మైక్రోస్కోపు కింద పెట్టే గాజు కొలబద్ద) మీది గీతల మధ్య దూరం 10 మైక్రాన్లు. 40x కింద వాటిని సెకనులో ముప్పయ్యో వంతు ఎక్స్‌పోజరుతో ఒకసారి మామూలు షట్టర్‌తో, ఒకసారి ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసి పక్కపక్కన పెడితే, మొదటి దాంట్లో గీతల అంచులు మసకబారి, ఒక్కోసారి జంట గీతలై కనిపిస్తాయి. రెండో దాంట్లో కొనదేరి ఉంటాయి. లెన్సు మంచిది కాదని, గాజు మురికిగా ఉందని తిట్టుకునే చాలా ఫొటోల్లో అసలు దోషి షట్టరే.

అందువల్ల కనీసం మొదటి తెర అయినా ఎలక్ట్రానిక్‌గా తెరుచుకునే కెమెరా కావాలి. కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో 2007 నాటి 40డీలోనే లైవ్ వ్యూలో (బొమ్మను వెనక తెర మీద చూస్తూ తీసేటప్పుడు) ఈ సదుపాయం వచ్చింది, అందుకే మైక్రోస్కోపు ఫొటోగ్రాఫర్లు చాలాకాలం కానన్ పాత బాడీలనే వెదికి కొనుక్కున్నారు. నికాన్‌లో ఇది 2014లో డీ810తో మొదలైంది. చవకగా దొరికే డీ3000, డీ5000 వరుసల కెమెరాల్లో లేదు కాబట్టి, ఎంత తక్కువ ధరకు వచ్చినా మైక్రోస్కోపుకు వాటిని నేను సిఫారసు చేయను. సోనీ ఏపీఎస్-సీ కెమెరాల్లో ఏ6300 నుంచి పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్ కూడా వచ్చింది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దమే లేదు కనుక సగం బాధ తప్పుతుంది గానీ, అద్దం లేనంత మాత్రాన షట్టర్ అదురు ఉండదని అనుకోకూడదు. మెనూలోకి వెళ్లి ఎలక్ట్రానిక్ మొదటి తెరనో, సైలెంట్ షట్టర్‌నో ఎంచుకుని తీరాలి.

పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్‌కు దాని తంటాలు దానికున్నాయి. చాలా కెమెరాల్లో అది ఫ్లాషుతో పనిచేయదు. ఇప్పటి మైక్రోస్కోపుల్లోని చవక ఎల్‌ఈడీ దీపాలు కంటికి నిలకడగా వెలుగుతున్నట్టున్నా నిజానికి మినుకుమంటూ ఉంటాయి. సెన్సర్ వరుసవరుసగా చదువుకుంటూ పోతుంది కనుక ఆ మినుకులు ఫొటోలో అడ్డంగా నల్లని పట్టీలై పడతాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి కరెంటు వల్ల వచ్చే మినుకు సెకనుకు వంద సార్లు ఉంటుంది, ఎక్స్‌పోజరును సెకనులో యాభయ్యో వంతుకో పాతికో వంతుకో పెడితే పట్టీలు మాయమవుతాయి. దీపం వెలుగు తగ్గించే నాబ్ వల్ల వచ్చే మినుకైతే వేగం వేరు. నాబ్‌ను పూర్తిగా పెంచి, ఎక్కువైన వెలుగును న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్‌తో (రంగు మార్చకుండా వెలుగును తగ్గించే గాజుతో) తగ్గించుకోవడం తేలిక. ఈ గొడవేమీ లేని హాలోజన్ దీపపు పాత మైక్రోస్కోపు ఉన్నవారు దాన్ని మార్చకపోవడమే మంచిది.

తిరుపతిలో సెకండ్ హ్యాండు బాడీలకు కొదవ లేదు. పెళ్లి ఫొటోగ్రాఫర్లు మిర్రర్‌లెస్‌కు మారుతున్న కొద్దీ వారి డీఎస్‌ఎల్‌ఆర్‌లు స్టూడియోల అల్మారాల్లోకి చేరుతున్నాయి, అడిగితే ఇచ్చేస్తున్నారు కూడా. అలాంటి బాడీ కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో అడిగే అలవాటు అందరికీ ఉంది. మన పనికి అంతకంటే ముఖ్యం సెన్సర్ మీది దుమ్ము. 40x ఆబ్జెక్టివ్‌తో పైన చెప్పిన అమరికలో అసలు అపెర్చరు ఎఫ్/49 దాకా పోతుంది. అంత సన్నని కాంతిలో సెన్సర్ మీది ప్రతి నలుసూ బొమ్మ మీద నల్లచుక్కై కూర్చుంటుంది. పెళ్లి మండపంలో ఎఫ్/2.8 దగ్గర ఆ నలుసులు ఎన్నడూ కనబడి ఉండవు కాబట్టి అమ్మేవారికి తెలియకపోవడంలో వింత లేదు. దుకాణంలోనే లెన్సును ఎఫ్/22కు బిగించి, తెల్లగోడ వైపు ఫోకస్ లేకుండా ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడాలి. తర్వాత లెన్సు మూత పెట్టి, కొన్ని సెకన్ల ఎక్స్‌పోజరు ఇచ్చి, రంగురంగుల చుక్కలు ఎక్కడైనా నిలిచి ఉన్నాయేమో చూసుకోవాలి. లైవ్ వ్యూలో బొమ్మను పది రెట్లు పెద్దది చేసి చూపుతుందా, హెచ్‌డీఎంఐ తీగ ద్వారా మెనూ గుర్తులు లేని శుభ్రమైన బొమ్మ టీవీకి వస్తుందా అన్నవి కూడా అక్కడే పరీక్షించుకోవచ్చు. తరగతి గదిలో ఒక్క మైక్రోస్కోపు చుట్టూ విద్యార్థులు క్యూ కట్టే అవస్థ ఆ తీగతో తీరిపోతుంది. కానన్ బాడీలతో ఉచితంగా వచ్చే ఈఓఎస్ యుటిలిటీ వంటి సాఫ్ట్‌వేరు ఉంటే కెమెరాను ముట్టుకోకుండా కంప్యూటరు నుంచే ఫొటో తీయవచ్చు, ముట్టుకోకపోవడమే ఇక్కడ కావలసింది. లైవ్ వ్యూ బ్యాటరీని తొందరగా తినేస్తుంది గనుక గోడ ప్లగ్గుకు తగిలించే డమ్మీ బ్యాటరీ ఆ మోడలుకు దొరుకుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

కళాశాలల కొనుగోలు ఇండెంట్లలో కెమెరా పేరిట తరచుగా కనిపించేది యూఎస్‌బీ ఐపీసు కెమెరా. దాని లోపలి సెన్సర్ వెడల్పు చాలావాటిలో 6 మి.మీ. లోపే, 18 మి.మీ. వృత్తంలో నడిమి మూడో వంతు మాత్రమే అది చూడగలదు. ముందు 0.5x లెన్సు తగిలించినా వృత్తం అంచులు అందవు. ప్రదర్శనకు పనికొస్తుందేమో గానీ, దాని ధరకు కొంచెం కలిపితే పైన చెప్పిన పాత డీఎస్‌ఎల్‌ఆర్ వచ్చేస్తుందని ఇండెంటు రాసేవారు గుర్తించాలని నా కోరిక.

దానికంటే జేబులోని ఫోను నయం. ఐపీసు మీద ఫోనును నిలిపే ప్లాస్టిక్ పట్టీ తక్కువ ధరకే దొరుకుతుంది. బొమ్మ చుట్టూ నల్లటి వలయం వస్తే రెండు రెట్లు జూమ్ చేస్తే పోతుంది. మూడు నాలుగు కెమెరాలున్న ఫోన్లు మధ్యలో తమంతట తాము ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు దూకుతాయి కాబట్టి ప్రో మోడ్‌లో ప్రధాన కెమెరాను ఖాయం చేసుకోవాలి. ఫోను తన సొంత తెలివితో అంచులకు పదును పెట్టి, కణం గోడ పక్కన లేని తెల్లని గీతను సృష్టిస్తుంది. సెన్సర్ నమోదు చేసింది మార్పుల్లేకుండా ఉండే రా ఫైలు తీసుకుంటే ఆ బెడద ఉండదు. తోటలోనే పురుగును గుర్తుపట్టి రైతుకు మందు చెప్పవలసిన పనికి ఇంతకు మించి అక్కర్లేదు.

మా భూగర్భశాస్త్రం మిత్రుడొకరు ఈ లెక్కలన్నీ విని, రాళ్ల పలుచని పొరలకు కూడా ఇవే వర్తిస్తాయా అని అడిగారు. తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైటు మీద క్వార్ట్‌జైటు కూర్చున్న ఎపార్కియన్ విషమవిన్యాసం (ఎంతో కాలపు ఎడంతో ఏర్పడిన రెండు రాళ్లు కలిసే చోటు) ఉన్న ఊరిలో ఈ ప్రశ్న రావడం సహజమే. అది జాతీయ భూవారసత్వ స్మారకం కాబట్టి అక్కడ సుత్తి పెట్టకూడదు, గ్రానైటు వేరే చోట్ల ఎంతైనా దొరుకుతుంది. 0.03 మి.మీ. మందానికి అరగదీసిన రాతి పొరను ధ్రువిత కాంతిలో 4x కింద తీసేటప్పుడు లోతు సమస్య లేదు కాబట్టి స్టాకింగ్ అవసరం పడదు. రంగుల నిజాయితీ కావాలి గనుక వైట్ బ్యాలెన్సును చేత్తో స్థిరపరచుకోగలగాలి, ధ్రువకాలు కాంతిని చాలావరకు తినేస్తాయి గనుక ఎక్స్‌పోజరు పొడవవుతుంది, ఎక్స్‌పోజరు పొడవయ్యేసరికి మళ్లీ షట్టర్ అదురు ప్రశ్న వస్తుంది. కెమెరా మాత్రం అదే.

బంగారుపాళెం విద్యార్థికి చివరికి నేను చెప్పింది: ఎలక్ట్రానిక్ మొదటి తెర ఉన్న పాత కానన్ ఏపీఎస్-సీ బాడీ, 40 మి.మీ. లెన్సు, కళ్లద్దాల గుర్తున్న ఐపీసు ఒకటి, తోటలో తిరగడానికి పాత 100 మి.మీ. మాక్రో లెన్సు. 61 మెగాపిక్సెళ్ల కోసం దాచుకున్న డబ్బులో మిగిలినదానితో మంచి 10x ఆబ్జెక్టివ్, ఒక స్టేజి మైక్రోమీటరు కొనుక్కోమన్నాను. ఆ చివరిది అతను ఊహించలేదు. 1 మి.మీ.ని వంద భాగాలు చేసిన ఆ గాజు పలకను ప్రతి ఆబ్జెక్టివ్‌తోనూ ఒకసారి ఫొటో తీసి, ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేరులో మైక్రానుకు ఎన్ని పిక్సెళ్లో గుర్తు పెట్టుకుంటే, ఆ తర్వాత తీసే ప్రతి పురుగు ఫొటో మీదా స్కేలు గీత వేసుకోవచ్చు. తామర పురుగుల్లో ఒక జాతి నుంచి ఇంకొకదాన్ని వేరు చేసేటప్పుడు పొడవులు, వెంట్రుకల అమరిక చూస్తారు కాబట్టి స్కేలు లేని ఫొటో ఎంత అందంగా ఉన్నా కీటకశాస్త్రవేత్తకు పెద్దగా ఉపయోగపడదు. కెమెరా బాడీని గానీ, ఐపీసును గానీ, వెనక ఉన్న లెన్సును గానీ మార్చినప్పుడల్లా ఆ గాజు పలకను మళ్లీ స్టేజి మీద పెట్టి కొత్త లెక్క రాసుకోవాలి. నా మైక్రోస్కోపు పక్కన గోడకు అంటించిన కాగితం మీద ఒక్కో అమరికకు ఒక్కో వరుస ఉంది, తేదీతో సహా.